వేలు చూపిన చోటు

కోనసీమలో మార్పును ఫొటో తీయడం కష్టం. కొబ్బరిచెట్టు అడ్డొస్తుంది. రావులపాలెం దాటి లోపలికొచ్చాక ఏ మలుపులో కెమెరా ఎత్తినా అదే పచ్చదనం, అదే కాలవ, అదే గట్టు. పాత సినిమాల్లో చూసిన కోనసీమ ఇంకా అలాగే ఉందని పైనుంచి వచ్చినవాళ్లు సంబరపడతారు. ఆ చెట్ల కింద బతుకులు ఎన్ని తలకిందులయ్యాయో పచ్చదనం చెప్పదు. అన్నింటినీ ఒకే రంగుతో కప్పేస్తుంది.

విశాఖలో జర్నలిజం చదువుతున్నాను. చివరి ఏడాది ఒక ఫొటో వ్యాసం చేయాలి. ఈసారి ఇచ్చిన అంశం ‘మార్పు’. తోటివాళ్లు నగరంలోనే తమకు కావలసినవి వెతుక్కున్నారు. కొండ తొలిచిన చోట లేచిన అపార్ట్‌మెంట్లు, మూతబడిన సినిమాహాళ్లు, చేపలరేవులో కొత్త బోట్లు. నేను మా ఊరు అప్పనపల్లి రాసిచ్చాను.

అప్పనపల్లి అంటే తెలుగునాట చాలామందికి బాలబాలాజీ గుడి. మామిడికుదురు మండలంలో, వైనతేయ గోదావరి ఒడ్డున ఉంది. వశిష్ఠ నుంచి గన్నవరం దగ్గర విడిపోయిన ఈ పాయ మా ఊరిని ఒరుసుకుంటూ వెళ్లి ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. 1960ల్లో మొల్లేటి రామస్వామి అనే కొబ్బరి వర్తకుడు ఇక్కడ వేంకటేశ్వరుణ్ణి నిలిపారు. ఏటి ఒడ్డున పాత గుడి, కాస్త ఇవతల పెద్ద గుడి, వచ్చినవాళ్లకి అన్నదానం. ఊరికి బస్సు, దుకాణం, పేరు వచ్చింది ఆ గుడివల్లే. కాబట్టి అందరూ నన్ను గుడి ఫొటోలే తీయమన్నారు. గుడి పాత ఫొటో ఒకటి సంపాదించి, కొత్త ఫొటో పక్కన పెడితే మార్పు తెలిసిపోతుంది కదా అని.

అప్పుడూ ఇప్పుడూ అని రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టే పద్ధతి ఫోన్లలో రోజూ చూస్తున్నదే. నాకు దానిమీద మొదటినుంచీ అనుమానం. రెండు బొమ్మల మధ్య ఉన్న సన్నని తెల్లగీతలో ముప్పై ఏళ్లు మాయమైపోతాయి. ఎవరు అమ్మారు, ఎవరు కొన్నారు, ఎవరు అప్పుచేశారు, ఎవరు ఊరు వదిలారు, ఇవేవీ అందులో ఉండవు. మార్పు దానంతటదే, ఎండావానల్లాగా వచ్చిపోయినట్టు కనిపిస్తుంది.

మా ఊళ్ల చుట్టూ ఉన్న చేలనే తీసుకోండి. ఎడమపక్క వరి, కుడిపక్క రొయ్యల చెరువు, ఏరేటర్లు తిప్పుతున్న నీళ్లు. చూసినవాళ్లు రైతు ఆశకు పోయాడంటారు. ఆ రెంటి మధ్యా 2011 ఖరీఫ్ ఉంది. ఆ ఏడాది కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. మురుగుకాలవలు పూడిపోయి చేలు మునగడం, కూలిరేట్లు పెరగడం, పండిన ధాన్యం కొనేవాడు లేకపోవడం, మద్దతు ధర పెట్టుబడికి కూడా చాలకపోవడం. వేలాది ఎకరాల్లో నాట్లే పడలేదు. అన్నపూర్ణ అని పేరుపడ్డ నేల మీద రైతే నాగలి దించాడు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. దేశమంతా మాట్లాడుకున్న ఆ సంఘటనకు మంచి ఫొటో నాకెక్కడా దొరకలేదు. ఎలా దొరుకుతుంది? నాటని చేను ఎలా ఉంటుంది? ఖాళీగా, కాస్త గడ్డి మొలిచి, ఏ వేసవిలోనైనా ఉన్నట్టే ఉంటుంది. జరగనిదాన్ని కెమెరా చూడలేదు.

నాకు పనికొచ్చిన పాఠం అమెరికా నుంచి దొరికింది. మార్క్ క్లెట్ అనే ఆయన 1977లో కొందరు మిత్రులతో కలిసి ఒక పని మొదలుపెట్టాడు. వందేళ్ల కిందట విలియం హెన్రీ జాక్సన్, తిమోతీ ఓసలివన్ లాంటివాళ్లు ప్రభుత్వ సర్వేల కోసం పడమటి కొండల్లో తీసిన ఫొటోలు పట్టుకుని, వాళ్లు నిలబడ్డ చోటే నిలబడి, అదే ఋతువులో, అదే వేళకి, నీడలు కూడా అలాగే పడేట్టు చూసి మళ్లీ తీశారు. వాళ్లకు దారి చూపింది బండరాళ్లు. ఈ రాయి అంచు ఆ కొండకొసకు తగిలేట్టు కనిపించిందంటే పాతాయన కెమెరా ఇక్కడే ఉండేదన్నమాట. కదలనిది ఒకటి ఉంటేనే కదిలింది ఎంతో తెలుస్తుంది.

ఆ పని మీద వచ్చిన పుస్తకం చదివి ఎంతో ఉత్సాహంగా ఊరికొచ్చాను. మా లంకల్లో రాయేది? ధవళేశ్వరంలో కాటన్ 1847లో ఆనకట్ట మొదలుపెట్టినప్పుడు రాతికి పక్కనే కొండ ఉంది. అక్కణ్ణుంచి దిగువకు వస్తే సముద్రందాకా ఒండ్రే. మా ఊరు నది తెచ్చిపోసిన మట్టి. ఈ దరిన కోస్తుంది, ఆ దరిన మేటవేస్తుంది. 1986 ఆగస్టు వరద గురించి పెద్దవాళ్లు ఇప్పటికీ గొంతు తగ్గించి చెబుతారు. 2022 జూలైలో గోదావరి పొంగి లంకలన్నీ నీళ్లలో నిలబడ్డాయి. వరదొస్తే మా ఊరి కాజ్‌వే మునగడం ఎరిగున్నదే. నీళ్లు తీశాక చూస్తే గట్టు వార నిరుటిదాకా ఉన్న చెట్టు ఉండదు. దాన్ని గుర్తుపెట్టుకుని కెమెరా ఎక్కడ నిలపాలి?

చెట్టునే నమ్ముకుందామనుకున్నాను కొన్నాళ్లు. కొబ్బరి నిజంగానే లెక్కరాసే చెట్టు. ఏడాదికి పన్నెండుకు అటూఇటూగా మట్టలేస్తుంది, ఎండిన మట్ట ఊడిపోతూ మానుమీద ఒక గీత వదిలిపోతుంది. కింద నుంచి పైకి గీతలు లెక్కపెట్టుకుంటూ పోతే చెట్టు వయసు దాదాపుగా చెప్పొచ్చు. నీళ్లకీ ఎరువుకీ నోచుకోని ఏళ్లలో గీతలు దగ్గరదగ్గరగా పడతాయి, మాను సన్నబడుతుంది. దింపు తీసేవాళ్లకి ఇది పుస్తకాల్లో చదవాల్సిన సంగతి కాదు. మానుకు కాలు తగిలితే చాలు, ఇక్కడ చెట్టు ఇబ్బందిపడిందండీ అంటారు. ఆ నొక్కులను దగ్గరగా తీసిన ఫొటో ఒకటి నా వరసలో ఉంది.

అలా తోటలన్నీ చూస్తూపోతుంటే ఒక సంగతి బయటపడింది. చాలా తోటల్లో చెట్లు ఒకే ఈడువి. ఒకే ఎత్తు, ఇంచుమించు ఒకేలాటి మానులు. కారణం ఇక్కడ పుట్టినవాళ్లెవరైనా చెబుతారు. 1996 నవంబరు 6 రాత్రి. ఆ తుపానులో వెయ్యిమందికి పైగా పోయారు, కొబ్బరితోటలు తలలు తెగి పడుకున్నాయి. ఇప్పుడు చూస్తున్నది ఆ తర్వాత పాతిన తోట. నాటురకం కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది, నిండు కాపుకు ఇంకా. ఆ ఆరేడేళ్లూ ఒక ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో ఆ తోటను చూసి అడగాలి. సెలవుకొచ్చినవాళ్లకి ఎప్పటినుంచో ఉన్న పచ్చదనంలా కనిపించేది నా కంటికి ఇప్పుడు ఒక రాత్రి తర్వాత మొదలైన లెక్కలా కనిపిస్తోంది. ఆ పచ్చదనం కూడా దగ్గరికెళ్తే పూర్తిగా పచ్చగా లేదు. 2016 తర్వాత తెల్లదోమ వచ్చిపడింది. అది ఆకు అడుగున వలయాలు వలయాలుగా గుడ్లు పెడుతుంది. అది విడిచే జిగురుమీద నల్లని మసి బూజు పడుతుంది. రోడ్డుమీద నుంచి తీస్తే పచ్చగా ఉన్న తోట, మట్ట పట్టుకుని తీస్తే పొయ్యిగూడులా నల్లగా ఉంటుంది.

దారి నానమ్మ చూపించింది. చూపించిందనే మాట అక్షరాలా నిజం. ఏటిగట్టు దిగి నీళ్ల అంచుదాకా నడిచాం. పాత ఫొటోలేమీ లేవు గానీ ఇక్కడేముండేదో చెప్పవూ అన్నాను. ఆవిడ చెయ్యెత్తి నది మధ్యకి వేలు పెట్టింది.

‘‘అదుగో, ఆ పడవ ఉంది చూడు, అక్కడుండేది మన పశువులపాక. దానెనకాల రెండు వరసలు కొబ్బరి. ఆటికవతల మీ తాతగారి చెల్లెలిగారి దొడ్డి.’’

నాకు కనిపిస్తున్నవి ఎండలో మెరుస్తున్న నీళ్లు, ఒక నాటుపడవ. ఆవిడకు కనిపిస్తున్నవి పాక, చెట్లు, దొడ్డి, దొడ్లో మనుషులు. ఆవిడ వేలు వణకలేదు, తడుముకోలేదు, ఇంట్లో పోపులడబ్బా ఎక్కడుందో చూపించినంత నిక్కచ్చిగా ఆగింది. క్లెట్ వెతికిన బండరాయి మా ఊళ్లో ఇదే అనిపించింది నాకు. ఒండ్రునేల మీద కదలకుండా మిగిలింది మనిషి గుర్తు. నది దాన్ని కోసుకుపోలేకపోయింది.

అప్పట్నుంచీ ఒకటే పని. ఊళ్లో పెద్దవాళ్లను వాళ్లు రమ్మన్న చోటికి వెళ్లి కలవడం, ఇప్పుడు లేనిదాన్ని చూపించమనడం, వేలు చాచినప్పుడు తీయడం. తీయడంలో ఒక చిక్కుంది. వేలిమీద ఫోకస్ పెడితే వెనక నది మసకబారుతుంది, అప్పుడది ఒక ముసలి చెయ్యి ఫొటో అవుతుంది. ముడతలు అందంగా వస్తాయి, చూసినవాళ్లు జాలిపడతారు. నదిమీద పెడితే చెయ్యి అడ్డమొచ్చిన వస్తువవుతుంది. నాకు రెండూ కావాలి. అపర్చర్ బాగా మూసి, స్టాండు వేసి, వేలికొసా అది చూపిస్తున్న నీళ్లూ ఒక్కలాగే స్పష్టంగా వచ్చేట్టు తీశాను. జాలి నాకక్కర్లేదు. ఆ మనిషి ఒక ప్రదేశం గురించి సాక్ష్యమిస్తోంది, ఆ సాక్ష్యం ఫొటోలో చదవడానికి వీలుగా ఉండాలి.

వేళ గురించి కూడా పట్టుదలగా ఉండాల్సి వచ్చింది. వైనతేయ మా దగ్గర సముద్రపు పోటుపాట్లకు లేచి దిగుతుంది. పాటులో తీసిన ఒడ్డును పోటులో తీసిన ఒడ్డుతో పోలిస్తే నేల ఎంతో పోయినట్టు అబద్ధం పుడుతుంది. కోత నిజంగానే జరుగుతున్న చోట ఫొటో ఇంకా ఎక్కువచేసి చూపించనక్కర్లేదు. అందుకని నీళ్ల అంచు కనిపించే ఫొటోలన్నీ పాటు వేళే తీశాను.

ఒక్కొక్కళ్లు ఒక్కో దిక్కు చూపించారు. పాశర్లపూడి రేవులో ఒకాయన వంతెన కింద చెయ్యి చాచి పంటు ఆగే చోటు చూపించాడు. వంతెన లేని రోజుల్లో బోడసకుర్రు దరికి దాటాలంటే ఆ పంటే గతి. వానా గాలీ వస్తే ఈ దరివాళ్లు ఈ దరే. పురిటినొప్పులొచ్చినా అంతే. వంతెన వచ్చి ప్రాణాలు నిలిచాయి, ఆ మాట ఆయనే అన్నాడు. పంటుమీద తన అన్నదమ్ములు బతికారని కూడా ఆయనే అన్నాడు. రెండు మాటలూ ఒకే గొంతుతో అన్నాడు. మార్పు మంచిదా చెడ్డదా అని తేల్చమంటే ఆయన్ని ఏ వైపు నిలబెట్టాలి? నేను తేల్చలేదు. తేల్చాల్సిన పని ఫొటోదని అనుకోవడంలేదు.

ఇంకొకావిడ పైకి చూపించింది, ఆకాశంలోకి. అటు పడమరగా కాదు, ఇటు అని దిద్దుకుంటూ. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి పేలి మంటలెగసింది అక్కడే. అరవై అయిదు రోజులు మండింది. మార్చి నడిమికి గానీ, విదేశీ నిపుణులొస్తే గానీ ఆరలేదు. ‘‘ఆ రెణ్నెల్లూ మాకు రాత్రి లేదమ్మా. దీపం పెట్టకుండానే అన్నాలు తిన్నాం. కోళ్లు ఎప్పుడు పడితే అప్పుడు కూసేవి.’’ ఆవిడ చూపించిన చోట ఇప్పుడు కొబ్బరి తలలూ, మామూలు మబ్బూ. మా ఊళ్లకు గ్యాసు అంటే ఆ వెలుగు. తర్వాత 2014 జూన్ 27 తెల్లవారుజామున మా మండలంలోనే నగరం అనే ఊళ్లో గెయిల్ పైపులైను పేలి ఇరవైమందికి పైగా కాలిపోయారు. అక్కడికి మాత్రం నేను కెమెరా తీసుకెళ్లలేదు. పోయినవాళ్ల తాలూకు మనుషులను వేలెత్తి చూపించమని అడగడానికి నాకు ఏ హక్కూ లేదనిపించింది. క్లాసులో మార్కులకోసం అసలే లేదు.

ఆ మాటకొస్తే, ఫొటో వద్దన్నవాళ్లు ఇంకొందరున్నారు. కూతురో కోడలో కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపనికి వెళ్లగా, ఆ డబ్బుతో కట్టిన డాబాలో మనవల్ని పెంచుకుంటున్న అమ్మమ్మలు. కోనసీమలో గత నలభై ఏళ్లలో వచ్చిన మార్పుల్లో ఇంతకంటే పెద్దది నాకు తోచలేదు. మగవాళ్ల వలసకు పేరుంది, ఆడవాళ్ల వలసతో లేచిన ఇళ్లకు పేరులేదు. ఒకావిడ పాత పెంకుటిల్లు ఉన్న చోటు చూపించడానికి చెయ్యెత్తింది, అంతలో దింపేసి, ‘‘వద్దులే తల్లీ. అది అక్కడ ఫోన్లో చూస్తే ఏడుస్తాది’’ అంది. ఆ ఫొటో నా దగ్గర లేదు. లేకపోవడమే న్యాయం. దాని జాగాలో ఏమీ పెట్టకుండా ఒక ఖాళీ పేజీ వదిలాను. ఎందుకు వదిలానో కింద ఒక వాక్యంలో రాశాను.

వద్దనడానికి మా సీమలో ఎంతో గౌరవమున్న పూర్వగాథ ఒకటుంది. మాకు ఎగువన లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు ఆకలితో వచ్చినవాళ్లకు వేళాపాళా చూడకుండా అన్నంపెట్టి 1909లో కన్నుమూశారు. బ్రిటిష్ చక్రవర్తి ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకపు వేడుకకు ఆవిడ ఫొటో కావాలని కబురొస్తే ఆవిడ ఒప్పుకోలేదనీ, తీయకుండా వెళ్తే తన ఉద్యోగం పోతుందని వచ్చినవాడు బతిమాలితే అతని కోసం కూర్చున్నారనీ చెప్పుకుంటారు. ఇవాళ గన్నవరం దగ్గర వైనతేయ మీద కాలవ నీళ్లు దాటే అక్విడక్టుకు ఆవిడ పేరే ఉంది. కాటన్ కాలంలో కట్టిన 49 కమానుల పాత అక్విడక్టు స్థానంలో వచ్చింది అది. నేను ఆ కథను చిన్నప్పటినుంచీ దానం కథగా విన్నాను. కెమెరా చేతికొచ్చాక అది వేరేలా వినపడింది. చక్రవర్తి అడిగినా లేదనే హక్కు ఒక ఇల్లాలికి ఉంది. ఆవిడ మనసు మార్చుకున్నది చక్రవర్తి కోసం కాదు, ఎదురుగా నిలబడ్డ చిరుద్యోగి కోసం. ఫొటో తీయించుకోవడం కూడా ఒక పెట్టుపోత. అడుక్కోవాల్సింది కెమెరా పట్టుకున్న మేమే.

ప్రింట్లన్నీ అమలాపురంలో వేయించాను. కాలేజీలో పెట్టకముందు మా ఇంటి అరుగుమీద, బట్టలారేసే తాడుకు గుచ్చి ఊరికి చూపించాను. వెలుగూ కూర్పూ గురించి ఎవరూ మాట్లాడలేదు. ప్రతి ఒక్కరూ వేలు ఎటుందో చూశారు, తర్వాత వేలు చూపిస్తున్న చోటు చూశారు. అక్కణ్ణుంచి తగువు మొదలైంది. పశువులపాక అంత ఎగువన లేదు, ఇంకా దిగువన అని ఒక కొబ్బరి ఒలుపు కార్మికుడు తన వేలు ఫొటోమీద పెట్టాడు. నానమ్మ ఒప్పుకోలేదు. ఆయన మర్నాడు నన్ను ఒడ్డుకు తీసుకెళ్లి తను చెప్పిన చోటు చూపించాడు. ఆ ఫొటో కూడా వరసలో చేర్చాను, నానమ్మ ఫొటో పక్కనే. ఇద్దరి వేళ్లూ చూపించే చోట్ల మధ్య ఒక పడవ పట్టేంత ఎడముంది. ఒకరిది తప్పని నేను రాయలేదు. కోసుకుపోయిన నేలకు పటం ఉండదు కాబట్టి, దాని సరిహద్దులు దాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్ల మధ్యే తేలాలి.

ఆ తగువు చూశాక వ్యాసం ఆకారం మారిపోయింది. నేను రాసిన వాక్యాలు చాలావరకు తీసేశాను. ఎవరు చూపించారో వాళ్ల మాటే, వాళ్లు అన్నట్టే, వాళ్లు సరేనన్నాక ఫొటో కింద పెట్టాను. 1948లో లైఫ్ పత్రికలో యూజిన్ స్మిత్ పల్లెటూరి డాక్టరు మీద చేసిన ఫొటో వ్యాసాన్ని మాకు క్లాసులో నమూనాగా చెబుతారు. గొప్ప పని. దాని వరసంతా స్మిత్ కన్ను. నా వరసకు ఒక్క కన్ను చాలదు, ఎందుకంటే ఇందులో పెద్దవాళ్లు చూపించినవేవీ నేను చూసినవి కావు. నేను పుట్టేనాటికే పోయాయి.

ప్రతి ప్రింటు వెనకా పెన్సిలుతో రాశాను: తేదీ, వేళ, పోటా పాటా, నేను నిలబడ్డ చోటు, మొహం పెట్టిన దిక్కు, చూపించిన వస్తువు ఏ ఏటిదాకా ఉండేదో వాళ్లకు గుర్తున్నంత. ఒక జత కాలేజీకి. ఇంకో జత చూపించినవాళ్లకే, ఎవరి ఫొటో వాళ్లకి.

చివరి ఫొటోలో మాత్రం చెయ్యి నాది. కోటిపల్లి–నరసాపురం రైలుమార్గం కోసం బోడసకుర్రు, పాశర్లపూడి మధ్య నదిలో స్తంభాలు లేచాయి. నేను తీసినప్పుడు ఆ స్తంభాల మీదుగా ఖాళీగా ఆకాశం కనిపించింది. పాశర్లపూడి రేవు దగ్గర నిలబడి అటు వేలు చూపిస్తూ తీసుకున్నాను. రైలు తిరిగే రోజున ఎవరైనా అదే చోట నిలబడి మళ్లీ తీయాలంటే నేను నిలబడ్డ మట్టి ఉండకపోవచ్చు. అందుకని వెనక ఇంకాస్త వివరంగా రాశాను: రోడ్డు వంతెన ఈ దరికి దిగే చోటినీ, ఆ దరికి దగ్గరున్న రైలు స్తంభాన్నీ ఒక గీతలో పెట్టుకోండి, అంచు కోసుకుపోయి ఉంటే ఆ గీత మీదే వెనక్కి జరగండి, పాటు వేళ రండి.